సిగరెట్టు కాలినంత సేపు

మా దువ్వాడ, కూర్మన్నపాలెం వైపు మనిషి అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది. వాడుకలో ఉండేది డిపార్ట్‌మెంటు పేరు. ఉక్కు ఫ్యాక్టరీలో ఎక్కడ పనిచేస్తే అదే ఇంటిపేరు. మా గుంపులో ఒకడు సింటర్ ప్లాంట్, ఒకడు వైర్ రాడ్ మిల్, ఒకడు కోక్ ఓవెన్. "సింటర్ ప్లాంట్‌కి కూతురు పుట్టిందిట" అంటే ఇక్కడెవరూ నవ్వరు, మిఠాయి ఎక్కడని అడుగుతారు. నేను ఫ్యాక్టరీలో లేను గనక ఉత్త మాస్టార్ని.

కోక్ ఓవెన్‌ది విజయనగరం. గిరీశం వెంకటేశానికి చుట్ట అలవాటు చేసిన ఊరు కాబట్టి పొగ తనకి వారసత్వంగా వచ్చిందనేవాడు. అది చాలదన్నట్టు వృత్తిధర్మం కూడా కలిపేవాడు. కోక్ ఓవెన్ బ్యాటరీని ఒకసారి వేడెక్కించారంటే ఏళ్ల తరబడి చల్లారనివ్వరు. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగుళ్లిస్తాయి. "నేనూ అంతే బావా, ఆర్పీసేనంటే లోపల ఇటుకలు పగిలిపోతాయి" అనేవాడు. బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టుకున్న చోట తర్కం ఇలాగే ఉంటుంది మరి.

తమాషా ఏమిటంటే, అంత నిప్పు మధ్య డ్యూటీ చేస్తూ అతను సిగరెట్టు వెలిగించలేడు. గ్యాసు పైపులున్న చోట జేబులో అగ్గిపెట్టె ఉండటమే నేరం. షిఫ్టు దిగి గేటు దాటాక ఎనిమిది గంటల బాకీ వడ్డీతో సహా తీర్చుకునేవాడు.

ఇక పిల్లల కటింగు సంగతి. దీనికి మంచిరోజు దొరకడం పెళ్లి ముహూర్తం కన్నా కష్టం. మంగళవారం షాపులకి సెలవు. శుక్రవారం ఇల్లాలు ఒప్పుకోదు, శనివారం అత్తగారు ఒప్పుకోదు, అమావాస్య నాడు ఇద్దరూ ఏకమవుతారు. పిల్లాడి జన్మనక్షత్రం ఎప్పుడొచ్చి అడ్డుపడుతుందో గోడ క్యాలెండరుకే తెలియాలి. ఇన్ని గండాలు దాటి మిగిలిన రోజున తండ్రికి డ్యూటీ ఉంటుంది. చివరికి తేలేది ఏ ఆదివారమో. ఆ రోజు గాజువాక నుంచి అగనంపూడి దాకా ఉన్న మగపిల్లలంతా మా సెలూన్లోనే ఉన్నారా అనిపిస్తుంది.

అక్కడ తండ్రులందరిదీ ఒకటే పద్ధతి. కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన చెక్క మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టడం, "కొంచెం పొట్టిగా" అనడం, బయటికి పోయి వెలిగించడం. లోపల కుదరదు కదా. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా అని 2008 అక్టోబరు 2 నుంచి గట్టిగా అమలు మొదలుపెట్టారు. హెల్మెట్ లేకుండా ముగ్గురిని బండెక్కించుకొచ్చిన తండ్రికి ఈ ఒక్క చట్టమంటే మహా గౌరవం.

సిగరెట్టు కాలడానికి ఐదారు నిమిషాలు. మిషను ఈ చెవి నుంచి ఆ చెవికి వెళ్లడానికీ అంతే. ఆ కాస్సేపూ పిల్లాడు స్వతంత్రుడు. "నాన్న గీతలు పెట్టమన్నారంకుల్" అంటే కాదనడానికి నాన్న అక్కడుంటే కదా! సింటర్ ప్లాంట్ కొడుకు ఇలాగే మష్రూమ్ కటింగుతో బయటికొచ్చాడు. వైర్ రాడ్ మిల్ కొడుక్కి వెనకాల పిలక మిగిలింది. కోక్ ఓవెన్ కొడుకైతే ఎడమ పక్క రెండు గీతలూ, వెనకాల ఒక మెరుపు గుర్తూ వేయించుకున్నాడు. చదివేది రెండో తరగతి.

ఇంట్లో పంచాయతీ కూర్చుంది. వాళ్లావిడ ఒక్క మాటా అనలేదు. అది మంచి సూచన కాదని పెళ్లయిన వాళ్లందరికీ తెలుసు. కోక్ ఓవెన్ తల్లిగారే అందుకున్నారు. "గుంటడి బుర్ర సూడరా! నువ్వా పొగ కోసం బయటికెల్లకపోతే ఇదయ్యేదా? మానీ."

ఈ హితబోధ చేస్తున్నప్పుడు ఆవిడ నోట్లో చుట్ట ఉంది, నిప్పు లోపలికి పెట్టి. అడ్డపొగ. ఉత్తరాంధ్ర ముసలమ్మల ఈ విద్యని ప్రపంచ వైద్యులు ఎప్పుడో పట్టించుకున్నారు. డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్ మన వైద్యులతో కలిసి ఈ ప్రాంతంలో పదివేల మందికి పైగా పల్లెవాసులని పరీక్షించి, అడ్డపొగ అంగిలిని ఎలా పాడుచేస్తుందో 1971లో ప్రకటించాడు. నేను మాస్టార్ని కదా, ఊరుకోలేక ఆ సంగతి ఆవిడకి విన్నవించాను. "పళ్లే పోనాయి, అంగిలి ఉండి ఏటి సేస్తాది నాయినా" అని చుట్ట ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చారు. వెంటనే సింహాద్రి అప్పన్నకి మొక్కేశారు, కొడుకు పొగ మానితే తలనీలాలిస్తానని. జుట్టు కొడుకుది, మొక్కు ఆవిడది.

కానీ అతని చేత మాన్పించింది మొక్కు కాదు, వైర్ రాడ్ మిల్ ఫోన్లో చూసి చదివిన ముక్క. ఆఖరి సిగరెట్టు ఆర్పిన ఇరవై నిమిషాలకే గుండె వేగం తగ్గుతుందట. పన్నెండు గంటలయ్యేసరికి రక్తంలో కార్బన్ మోనాక్సైడు మామూలు స్థాయికి దిగుతుందట. ఆ పేరు వినగానే కోక్ ఓవెన్ ఉలిక్కిపడ్డాడు. డ్యూటీలో ఆ గ్యాసు లీకైతే మోగే మీటరు తగిలించుకు తిరిగే మనిషి అతను. అది కూయగానే పరిగెత్తాలని కొత్తవాళ్లకి పాఠం చెప్పేదీ అతనే. "అంటే నేను డబ్బులిచ్చి కొనుక్కుంటున్నది దాన్నేనా గురూ?" అన్నాడు. కంపెనీ భద్రతా వారోత్సవాల్లో ఇన్నేళ్లు తిన్న స్వీట్లు ఆ క్షణాన ఒంటపట్టాయి.

మానడం గురించి పెద్దగా చెప్పను, చూడటానికి అందంగా ఉండదు. టీ తాగితే సిగరెట్టు గుర్తొస్తుందని టీ మానాడు. టీ లేక తలనొప్పి, తలనొప్పికి విసుగు, విసుగుకి వేయించిన శనగలు. ముక్కు బాగుపడింది గనక పప్పులో ఇంగువ ఎక్కువైందని వంకలు. కాపలాకి మా ఇళ్లలోని ఆడవాళ్లు షిఫ్టులు వేసుకున్నారు, మాకన్నా క్రమశిక్షణగా. విశాఖ స్టేషన్లో ఇంజను తిప్పుకునే ఓపిక లేని రైళ్లు దువ్వాడలో ఆగి అటునుంచటే పోతాయి కాబట్టి, వైజాగ్ చుట్టాలు అర్ధరాత్రి మా చేతుల్లోకే దిగుతారు. బావమరిది కోసం ఒక రాత్రి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు కోక్ ఓవెన్. చెయ్యి ఊరికే జేబు తడుముకుంది. ఇంతలో టీ కుర్రాడు వచ్చి, "సార్, మీరు మానీసేరంట కదా?" అన్నాడు. ఊరంతా మీటరై కూస్తుంటే ఇంకెక్కడ వెలిగిస్తాడు?

సింహాచలంలో మొక్కు తీరింది. గుండుతో కొండ దిగాడు.

ఇప్పుడు కటింగు రోజున కొడుకుని చెక్క మీద కూర్చోబెట్టి బయటికి పోవడం లేదు. కుర్చీ పక్కనే నిలబడుతున్నాడు. "ఎడం పక్క ఎక్కువైపోతోంది", "మిషను నంబరెంత పెట్టావు?", "ఆ చెవి వెనక వదిలేశావేం?", "కత్తెరతో చెయ్యి, కత్తెరతో". ఒక చెయ్యి తన గుండు మీద, రెండో చెయ్యి పిల్లాడి తల మీద. మొన్న సెలూన్ అతను దువ్వెన బల్ల మీద పెట్టేసి రెండు చేతులూ జోడించాడు.

"సార్, మీకో దణ్ణం. అలా బయటికెల్లి ఒక్క సిగరెట్టు కాల్చుకొచ్చీండి బాబూ. డబ్బులు నానిచ్చుకుంటాను."