ఆరో సీసా

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ. ఆ చుట్టుపక్కల ఉన్న ల్యాబుల్లో ఒకదాని కథ ఇది. పేరు చెప్పను, అక్కడి అటెండరు ఉద్యోగం నిలవాలి.

మేడ్చల్ అమ్మాయి ఒకతె అక్కడ ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తోంది. నీళ్ళలో అకాంతమీబాను వెతికి పెంచడం ఆమె పని. కంటికి దెబ్బో గీరుడో తగిలితే చాలు, కార్నియాలో దూరి పుండు చేసే జీవి అది. పడమటి దేశాల్లో కాంటాక్ట్ లెన్సుల వాళ్ళ జబ్బని పేరు. మన దగ్గర అలా కాదు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్ళు 2000లో ప్రచురించిన రోగులు లెన్సు మొహమే ఎరగరు. మట్టి, మురికినీళ్ళు కంట్లో పడి తెచ్చుకునే జబ్బు ఇక్కడ. అది చదివినప్పటి నుంచీ ఆమె గైడు సార్‌ది ఒకటే మాట: "పల్లె నీళ్ళు పట్టుకురా, దొరక్కపోతే అడుగు."

చెరువు, బావి, బోరు, ట్యాంకరు, సంపు. అయిదు సీసాలయ్యాయి. అటెండరు వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, నేనొక సీస తెచ్చిన. దీన్ని గూడ పెట్టు."

"ఎక్కడివి కాకా?"

"ముందుగాల పెట్టు. ఎనుక చెప్త."

ఆయనంటే ఆమెకు జాలి. ఆ మధ్య ఏదో ద్రావణం కంట్లో చింది, తలుపు పక్కన కళ్ళు కడుక్కోవడానికే పెట్టిన ఐ వాష్ కుళాయి వదిలేసి, బయటికి ఉరికి తాగేనీళ్ళ క్యానుతో కడుక్కున్నాడట. భద్రతా నియమాలు మీరాడని సార్ మెమో ఇచ్చారు.

పోషకాలు కలపని అగర్ పళ్ళాల మీద ఈ-కోలై బాక్టీరియాను పలచగా పరిచి, నీటి బొట్లు వేసి, మూతల అంచులు బిగించి ముప్ఫై డిగ్రీల వేడిలో ఉంచింది. అమీబా ఉంటే బాక్టీరియాను తింటూ పోతుంది, గొర్రెలు మేసిన చేనులా వెనకంతా బోడి చార మిగులుతుంది.

కొన్నాళ్ళకు చెరువు పళ్ళెంలో రెండు మూడు చారలు తేలాయి. ఆరో పళ్ళెమైతే మొత్తం మేసేసి ఉంది. సార్ మైక్రోస్కోపు వదల్లేదు. ఒళ్ళంతా ముళ్ళలాంటి మొనలు, లోపల ఉబ్బుతూ ఠక్కున మాయమై మళ్ళీ ఉబ్బే నీటి బుడగ. పక్కనే రెండు గోడల సిస్టులు, అంటే గూడు కట్టుకుని నిద్రపోతున్న అమీబాలు. ఈ సిస్టుల్ని నల్లానీటి క్లోరిన్ ఏమీ చేయలేదు, ఎండబెట్టినా ఏళ్ళ తరబడి చావవు.

"అద్భుతం! దీంతో పేపరు రాయొచ్చు. ఏ ఊరి చెరువమ్మా ఇది? ఎంత మురికి మనుషులో!"

ఆ అమ్మాయి అటెండరు వైపు చూసింది.

"చెరువు గాదు సార్. మన తలుపు కాడి ఐ వాష్‌ల నీళ్ళు."

సార్ ముఖం మాడింది. నిలవనీరు పోవాలని వారానికోసారి దాన్ని తిప్పి వదలాలి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి. అరుస్తూ రిజిస్టరు తెప్పించారు. ఏడాది పొడుగునా ఒక్క వారం తప్పలేదు, 'వదిలాం, నీరు శుభ్రం' అని సంతకాలున్నాయి.

"మరి ఇదేంటి? ఎవడు పెట్టాడీ దొంగ సంతకాలు?"

అటెండరు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి రిజిస్టరు పక్కన పరిచాడు.

"నాకు చదువు రాదు సార్. మీరిచ్చిన మెమో మీద గూడ గిదే సంతకం ఉన్నట్టున్నది, జర మీరే సూడుండ్రి."