పవరన్న

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి. ఈ మూడు ఊళ్ళలో ఏ మెకానిక్ షెడ్డుకు పోయినా ఒక పాత మారుతి జెన్ బానెట్ తెరుచుకుని ఉంటుంది. అందులోకి నడుము దాకా వంగి ఒక మనిషి ఉంటాడు. ఆయన మెకానిక్ అనుకునేరు. మెకానిక్ పక్కన స్టూలు మీద టీ తాగుతుంటాడు. వంగినాయన బండి ఓనరు, మన పవరన్న.

ఆయన కోరిక ఒక్కటే, చిన్న కారుకు పెద్ద పవరు. "పెద్ద కారే కొనొచ్చు గదన్నా" అని మాత్రం అనకూడదు. "దుడ్డుండే ప్రతివాడూ కొంటాడప్పా, అందులో మన చెయ్యేముండాది?" అంటాడు. మాట మాట పెరిగితే ముద్దేనహళ్ళి వైపు చెయ్యి చూపిస్తాడు. విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు పక్కనే ఉందని, ఇంజనీరింగ్ ఈ మట్టిలోనే ఉందని భావం. ఆయన చదివింది బీకాం.

ఇలాంటి పవరన్న ఊరికొకడు. కోరిక ఒకటే అయినా ఊరిని బట్టి పవరన్న మతం మారుతుంది.

చిక్కబళ్ళాపురం పవరన్నది ఇంజన్ మార్పిడి మతం. బెంగళూరు దగ్గర కాబట్టి వారానికోసారి శివాజీనగర్ గుజరీకి పోయి, పాత ఇనుము మధ్య గంటల తరబడి తిరుగుతాడు. ఎక్కడైనా కారు యాక్సిడెంటయిందంటే పాపం అని నాలుక చప్పరించి, మనుషులు క్షేమమని తెలియగానే గొంతు తగ్గించి, "ఇంజన్‌కేం కాలేదు గదా?" అంటాడు. ఆయన లెక్క సులువు. జెన్ ఇంజన్ 993 సీసీ, 50 హార్స్ పవర్. ఎస్టీమ్ ఇంజన్ 1298 సీసీ. కార్బురేటర్‌ది 65, తరవాత వచ్చిన ఎంపీఎఫ్ఐది 85. రెండూ సుజుకీ వాళ్ళ ఒకే కుటుంబంలో పుట్టిన అన్నదమ్ములు. "దీంట్లో అది బ్రహ్మాండంగా కూర్చుంటుంది."

కూర్చునే మాట నిజమే, ఒంటరిగా మాత్రం కూర్చోదు. ఇంజన్ వెంట గేర్‌బాక్సు వస్తుంది. ఆ వెంట యాక్సిల్ షాఫ్టులు, పెద్ద రేడియేటరు, వైరింగు. వైరింగు కలవకపోతే ఎలక్ట్రీషియన్, ఆయన వెంట ఆయన అడ్వాన్సు. ముందు బరువు పెరిగిందని స్ప్రింగులు, స్పీడు పెరిగిందని బ్రేకులు. ఆఖరికి పాత జెన్‌లో మిగిలేది నాలుగు తలుపులు, డ్యాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి.

బాగేపల్లి పవరన్నది టర్బో మతం. కారణం 44వ నంబరు జాతీయ రహదారి. పేరేసంద్ర దాటాక ముందొక లారీ, దాని పక్కన ఇంకో లారీ, రెండూ పోటీ పడి ఎద్దుల నడక నడుస్తుంటే వెనక పవరన్న యాక్సిలరేటర్ నేలకు తొక్కి, స్టీరింగును ముందుకు తోస్తుంటాడు. ఆ తోపులాటలోనే ఆయనకు జ్ఞానోదయమైంది.

టర్బో గురించి ఆయన చెప్పేదాంట్లో తప్పు పట్టలేం. సైలెన్సర్లోంచి వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్లోకి తోస్తుంది. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ పొయ్యొచ్చు, పవరు పెరుగుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుందా చక్రం. 1905లోనే స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ పేటెంటు పుచ్చుకున్నాడు. పైగా చిక్కబళ్ళాపురం వైపు నేల సముద్ర మట్టానికి ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన, మామూలు ఇంజన్ శక్తిలో సుమారు పదో వంతు ఇక్కడ గాలికే పోతుంది. "అంటే 50లో 5 మనకు రానేలేదు. టర్బో పెట్టి మన బాకీ మనం వసూలు చేసుకుంటాము, అంతే!"

వసూలుకు పోయినవాడు ఊరికే తిరిగి రాడు. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి, స్పార్కు మంట చేరకముందే మూలనున్న పెట్రోలు దానంతటదే పేలుతుంది. అదే నాకింగ్. అది ముదిరితే పిస్టన్ కరుగుతుంది. అందుకే కంపెనీలు టర్బో ఇంజన్‌కు పిస్టన్ల నుంచీ అన్నీ వేరేగా చేస్తాయి, గాలిని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ పెడతాయి. పవరన్న స్విఫ్ట్ డీజిల్ నుంచి ఊడదీసిన టర్బో ఒకటి పెట్టి, ఆంజనేయస్వామికి టెంకాయ కొడతాడు. మొదటి రోజు బండి ఎగిరిపోతుంది. రెండో రోజు హెడ్ గ్యాస్కెట్ పోతుంది. "బండెప్పుడన్నా వచ్చేది?" అంటే, "రేపే, గ్యాస్కెట్ వస్తా ఉండాది" అంటాడు. ఆ గ్యాస్కెట్ ఉగాదికి ముందు బయలుదేరింది.

చింతామణి పవరన్నకు ఏ మతమూ లేదు, ఆయనది టమోటా తోట. 15 కిలోల పెట్టె ఆయన కొలమానం. ధర బాగుంటే ఇంజన్ మార్పిడి, ఒక మాదిరైతే టర్బో, పడిపోతే ఆయిల్ మార్పిడి. 2023 జులైలో కోలారు మార్కెట్లో పెట్టె 2,000 రూపాయలు దాటినప్పుడు ఆయన ఏకకాలంలో రెండు ఇంజన్లకు బయానా ఇచ్చాడు. ధర దిగినాక రెండు బయానాలూ పోయి, కొత్త ఎయిర్ ఫిల్టర్ మిగిలింది. దాంతోనే పికప్ పెరిగిందని వాదిస్తున్నాడు.

ముగ్గురూ టీ కొట్టు దగ్గర కలిస్తే చట్టం మాట వస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే చెప్పింది. "నీ ఇంజన్ నంబరు మారిపాయె, నువ్వు జైలుకే" అంటాడు టర్బో పవరన్న. "నీ బండి కదిలితే గదా పోలీసులు పట్టేది" అంటాడు మార్పిడి పవరన్న. చింతామణాయన టీ డబ్బులు లెక్క పెడుతుంటాడు. ఇంత వాదం విన్న టీ కొట్టాయన మాత్రం అడిగేది ఒకటే: "మైలేజెంతొస్తుందన్నా?" దానికి ముగ్గురూ ఒకేసారి ఆకాశం వైపు చూస్తారు.

మొన్న దసరాకు బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురం పవరన్న మేనల్లుడు కొత్త ఫ్రాంక్స్ టర్బోలో వచ్చాడు. 998 సీసీ, 100 హార్స్ పవర్. మామ జెన్ కంటే సీసీ ఐదే ఎక్కువ, పవరు రెట్టింపు. షోరూమ్ వాళ్ళే టర్బో పెట్టి, ఆర్సీ ఇచ్చి, వారంటీ కూడా ఇచ్చారు. పవరన్న తాళం తీసుకుని నంది కొండ మలుపులన్నీ ఎక్కి దిగి వచ్చాడు. దిగాక చాలాసేపు మాట్లాడలేదు. బానెట్ ఎత్తాడు. జేబులోంచి టేపు తీసి ఇంజన్‌ను అడ్డంగా కొలిచాడు, నిలువుగా కొలిచాడు, మూలనున్న తన జెన్ దగ్గరికి పోయి అక్కడా కొలిచాడు.

"ఏంది మామా?"

"అంగుళమే తక్కువ. సుత్తితో సర్దుకోవచ్చు." అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "చూడు నాయనా, దేవుడు నిన్ను చల్లగా చూడాల. నీ ఒంటికి ఈగ వాలకూడదు. ఒకవేళ ఈ బండికేమన్నా అయితే మాత్రం, ఇన్సూరెన్సోళ్ళ కంటే ముందు నాకు ఫోన్ చెయ్యి."