రెండో టికెట్టు

వైఎస్సార్ కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు దేశానికి యురేనియం వల్ల తెలిసింది. ఇక్కడి రాయిలో సరుకు తక్కువ. టన్ను రాయిని పిండి చేసి, క్షార ద్రావణంలో ఉడికించి, వడగట్టినా కిలో యురేనియం చేతికి రాదు. అయినా లెక్కలు వేసి, గిట్టుతుందని తేల్చుకునే గని తవ్వారు. అంత సన్నగా లెక్క చూసిన ఊళ్లో, ఎండాకాలం సెలవులకు పిల్లల్ని బెంగళూరు అవతల బిడదిలో ఉన్న వండర్లాకో, హైదరాబాదు పక్కనున్న రామోజీ ఫిల్మ్ సిటీకో తీసుకుపోదామని ఇంటాయన కాగితం పెన్ను పట్టుకుంటే మాత్రం ఒక్క వరుస దగ్గర లెక్క దారి తప్పుతుంది. పులివెందుల నుంచి కదిరి మీదుగా బస్సు చార్జీ రూపాయితో సహా రాస్తాడు. చిన్నోడికి పిల్లల టికెట్టు సరిపోతుందా అని వాణ్ణి గోడకు ఆనించి ఎత్తు కొలుస్తాడు, తల కాస్త వంచమని కూడా చెబుతాడు. లాడ్జివాడితో ఫోన్లో బేరమాడి రెండొందలు తగ్గిస్తాడు. ఆఖరున "తిండీ గిండీ" అని రాసి, ఎదురుగా వెయ్యి అని గుండ్రటి అంకె వేసి, కింద గీత కొట్టేస్తాడు. పై వరుసలన్నీ లెక్కలు, ఆ చివరిది మొక్కుబడి.

నేననేది ఏమంటే, థీమ్ పార్కులో తిండిని ఖర్చుల్లో రాయకూడదు, టికెట్ల పక్కన రాయాలి. అది టికెట్టులో రెండో సగం. మొదటి సగం గేటు దగ్గర వసూలు చేస్తారు, రెండో సగం మధ్యాహ్నం ఒంటిగంటకు. ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. వాల్టర్ ఓయ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1971లో డిస్నీలాండ్ పేరు పెట్టి మరీ పరిశోధనా వ్యాసం రాశాడు. లోపలికి రానిచ్చినందుకు ఒక ధర, లోపల వాడుకున్నదానికి ఇంకో ధర పెట్టగలిగిన యజమాని దేన్ని పెంచాలి, దేన్ని తగ్గించాలి అన్నది ఆయన ప్రశ్న. ఆ రోజుల్లో డిస్నీలాండ్‌లో ఎక్కే ఆటను బట్టి ఏ నుంచి ఈ దాకా అక్షరాల కూపన్లు ఉండేవి. 1982లో కూపన్లు తీసేసి, ఒకే టికెట్టుతో ఎన్ని ఆటలైనా ఆడుకోమన్నారు. మన పెద్ద పార్కులదీ ఇంచుమించు అదే పద్ధతి. జెయింట్ వీల్ పదిసార్లు ఎక్కినా ఎవరూ ఏమీ అడగరు. ఆట దగ్గర మీటరు తీసేశాక, మీటరు పెట్టడానికి మిగిలిన చోటు కడుపొక్కటే. రోలర్ కోస్టరు చూసి భయపడి కిందే కూర్చున్న అవ్వకు కూడా ఆకలి మాత్రం తప్పదు కదా. బయటి తిండి లోపలికి తేకూడదన్న బోర్డు ఆ మీటరుకు వేసిన సీలు.

ఇంటాయన రాసిన వెయ్యి ఎక్కడిది? పులివెందుల హోటల్లో ఆరుగురు భోంచేస్తే అయ్యే బిల్లు అది. అంటే ఆయన మనుషుల్ని లెక్కపెట్టాడు. పార్కు గంటల్ని లెక్కపెడుతుంది. పదకొండుకు లోపలికి పోయి ఆరుకు బయటపడితే ఏడు గంటలు. ఆ ఏడు గంటల్లో పెద్దవాళ్లకు రెండుసార్లు ఆకలేస్తుంది, పిల్లలకు ఐస్‌క్రీము బండి కనబడినప్పుడల్లా వేస్తుంది. దీనికి తోడు నీళ్లు. 2005లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరు కుర్రాళ్ల చేత నీళ్లలో సైకిలు తొక్కించారు, ఒకసారి 33 డిగ్రీల నీళ్లలో, ఇంకోసారి 20 డిగ్రీల నీళ్లలో. చల్లటి నీళ్లలో తొక్కిన రోజు ఆ కుర్రాళ్లే వెచ్చటి నీళ్ల రోజు కన్నా 44 శాతం ఎక్కువ కెలరీల తిండి తిన్నారు. మే నెలలో కుళాయి తిప్పితే కాగిన నీళ్లే వచ్చే ఊరి నుంచి పోయి, వేవ్ పూల్‌లో మూడు గంటలు నానిన తుమ్మలపల్లె పిల్లోడి మీద ఇంకా ఎవరూ పరిశోధన చెయ్యలేదు. చేస్తే ఆ శాతం చూసి ఫ్లోరిడావాళ్లు జడుసుకుంటారు.

లెక్క తిరగరాద్దాం. అంకెలు ఊహించినవే, మీరు పోయే పార్కు మెనూ చూసి మార్చుకోండి. మధ్యాహ్న భోజనం మనిషికి 300 చొప్పున ఆరుగురికి 1,800. మధ్యలో రెండుసార్లు ఐస్‌క్రీమో పాప్‌కార్నో స్వీట్‌కార్నో తలకు వంద చొప్పున 1,200. టీలు, కూల్‌డ్రింకులు 400. మొత్తం 3,400. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు, అంటే ఇది పదకొండు రోజుల మట్టిపని. అదే ఏడాది క్వింటాలు చెనక్కాయలకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 7,263 రూపాయలు, అంటే దగ్గర దగ్గర నలభై ఏడు కిలోల చెనక్కాయలు. (ఆ ధర మార్కెట్లో దొరికితే అనుకోండి.) ఇందులో అందరి కోపమూ భోజనం మీదే. ఫ్రైడ్ రైస్‌లో చికెన్ ముక్క మా తుమ్మలపల్లె రాయిలో యురేనియం ఉన్నంతే ఉందని ప్లేటు ముందు కూర్చున్న ప్రతివాడూ గొణుగుతాడు. కానీ మొత్తంలో సగానికి కాస్త తక్కువగా, 1,600 రూపాయలు, ఎవరూ గొణక్కుండా కొన్న చిల్లర తిండికే పోయింది. భోజనం ధర చూసి బెదిరి, ఆరుగురికి నాలుగు భోజనాలు తీసుకుని పంచుకున్నాం, పొదుపు చేశాం అనుకునే కుటుంబం మూడుగంటలకల్లా ఆ మిగిలిన ఆకలిని పాప్‌కార్నుతో నింపుతుంది. పాప్‌కార్నుతో కడుపు నింపడానికి ఎంతవుతుందో ఎవరూ ముందుగా రాసుకోరు.

ఇదంతా దోపిడీ కదా, కోర్టుకు పోవాలి కదా అని కొందరంటారు. పోయారు. సినిమా హాళ్లలోకి బయటి తిండి రానివ్వాలని జమ్మూ కశ్మీర్ హైకోర్టు 2018లో చెప్పింది. 2023 జనవరి 3న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. హాలు ప్రైవేటు ఆస్తి, షరతులు పెట్టే హక్కు యజమానిది, కొనాలా వద్దా అన్నది ప్రేక్షకుడి ఇష్టం అంది ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ పి.ఎస్. నరసింహల ధర్మాసనం. తాగేనీళ్లు ఉచితంగా ఇవ్వాలనీ, పసిపిల్లల తిండిని అడ్డుకోకూడదనీ కూడా చెప్పింది. ఎవరో జిలేబీలు తెచ్చుకుని తిని చేతులు సీటుకు తుడిస్తే కడిగేదెవరని ప్రధాన న్యాయమూర్తి సరదాగా అడిగారు. తీర్పు సినిమా హాళ్ల గురించే గానీ, పార్కులవాళ్లు చెప్పే మాటా అదే. జిలేబీ పాకం విషయంలో నాకు కోర్టువారితో పేచీ లేదు. ఇష్టం అన్న మాట దగ్గరే నాకు నసుగుడు. రెండున్నర గంటల సినిమాలో సమోసా తినకుండా కూర్చోవడం ఇష్టమే, కొందరికి ఆరోగ్యం కూడా. ఏడు గంటల పాటు ఎండలో, నీళ్లలో ఎగిరిన ఎనిమిదేళ్ల పిల్లతో నీ ఇష్టం తల్లీ, తింటే తిను, లేకపోతే లేదు అని చెప్పగలిగిన తండ్రి ఇంకా పుట్టలేదు. ఇక ఎమ్మార్పీ చట్టం కాపాడుతుందనుకుంటే, అది సీలు వేసిన ప్యాకెట్టుకే వర్తిస్తుంది. గ్లాసులో పోసిన పానీయానికీ, కప్పులో వేసిన మొక్కజొన్నకూ ఎమ్మార్పీ ఉండదు. పార్కుల్లో తినేవన్నీ ఎందుకు కప్పుల్లోనే వస్తాయో ఆలోచించడానికి క్యూలో కావలసినంత సమయం దొరుకుతుంది.

తిరుమలలో లక్షలమందికి అన్నం ఊరికే పెట్టడం లేదా, వీళ్లకేం వచ్చింది అని ఇంకో మాట. రాయలసీమ కుటుంబాల లెక్కల్లో తిండి వరుస బక్కగా ఉండటానికి అసలు కారణం తిరుమలే అని నా అనుమానం. మనవాళ్లలో చాలామంది కుటుంబసమేతంగా మొదట పోయే దూరపు ఊరు అదే. అక్కడ 1985లో ఎన్టీ రామారావు హయాంలో నిత్యాన్నదానం మొదలైంది, 2011 నుంచి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వడ్డిస్తున్నారు. తలనీలాలు ఇచ్చి అన్నం తిని రావడం అలవాటైన మనిషి పార్కులో కూడా అలాగే అనుకుని పోతాడు. ఇక్కడ వరుస తిరగబడుతుంది, ముందు అన్నం, తర్వాత గుండు. కానీ ఇందులో పార్కును తిట్టడం న్యాయం కాదు. అక్కడ వడ్డించేది భక్తుల విరాళం. ఇక్కడ విరాళం ఇచ్చే భక్తుడూ మనమే, క్యూలో నిలబడిన భక్తుడూ మనమే. రైడ్ల కరెంటు బిల్లు, నీళ్ల శుద్ధి, ఊళ్లో ఎక్కడా దొరకనంత శుభ్రమైన మరుగుదొడ్లు, వీటికి ఎవరో ఒకరు కట్టాలి. ఆ డబ్బంతా గేటు దగ్గరే అడిగితే టికెట్టు ధర చూసి సగంమంది బిడది నుంచే వెనక్కి తిరుగుతారు.

ఏడాదికోసారి పోయేదానికి ఇంత పిసినారి లెక్కలెందుకు, పిల్లల సంతోషం ముఖ్యం కదా అనేవాళ్ల మాట పైకి బాగుంటుంది. కానీ సంతోషాన్ని చెడగొట్టేది లెక్క లేకపోవడమే. 3,400 రాసుకుని పోయినవాడూ 3,400 పెడతాడు, వెయ్యి రాసుకుని పోయినవాడూ 3,400 పెడతాడు. రెండోవాడి ఇంట్లో తగాదా అదనం. వెయ్యి అయిపోయిన క్షణం నుంచి అతను ప్రతి కౌంటరు దగ్గరా దేశ ఆర్థిక మంత్రి మొహం పెడతాడు, పిల్లలు ఐస్‌క్రీము అడగబోయి ఆ మొహం చూసి అమ్మను అడుగుతారు, అమ్మ ఆయన్ని చూస్తుంది. ఆ కుటుంబం సెల్ఫీలన్నీ ఒంటిగంట లోపు తీసినవే అయ్యుంటాయి.

తప్పించుకునే దారి మనకు తెలిసిందే, సద్ది. పులుసన్నం చింతపండు బలంతో రాత్రి బస్సు ప్రయాణం తట్టుకుని పొద్దున్నకు ఇంకా రుచి పట్టి ఉంటుంది. పెరుగన్నం ఎండాకాలంలో నమ్మకూడదు, సంగటిని చల్లారనిస్తే గనిలోకే పంపాలి. నిప్పట్లు, కర్జికాయలు, బొరుగులు, మా వైపు అరటిపళ్లు ఎక్కడికైనా వస్తాయి. గేటు ముందు పదిన్నరకు కడుపు నిండా ఒకసారి, సాయంత్రం బయటికి రాగానే ఇంకోసారి, మధ్యలో లోపల ఒక్క భోజనం. చిల్లర తిండి అలా సగానికి సగం తగ్గుతుంది. అయితే సద్ది ఊరికే వస్తుంది అనేవాళ్లతో నాకు గొడవ ఉంది. సాయంత్రమంతా పొయ్యి దగ్గర నిలబడి చింతపండు పులుసు మరిగించి, ఆరుగురికి సరిపడా కలిపి, ఆ రాత్రే బస్సెక్కే మనిషి కూలి ఆ కాగితంలో ఏ వరుసలోనూ లేదు. సెలవులు ఆమెకు కూడా వచ్చాయన్న సంగతి కాగితం రాసినాయనకు తట్టదు. ఉపాధి హామీ రేటుకే కట్టినా పూట పనికి నూట యాభై పైన అవుతుంది. ఆ కూలి ఇవ్వడం ఇష్టం లేకపోతే, వెయ్యి అని గుండ్రంగా రాసిన చేత్తోనే పులుసన్నం కూడా కలిపితే సరిపోతుంది. నిప్పట్లు అంగట్లో కొనొచ్చు. టికెట్టుతో భోజనం కలిపి అమ్మే కాంబోలు ఉంటే ఇంట్లోనే కొనుక్కోవడం ఇంకా మేలు, ఎందుకంటే కడుపు నిండి ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం అది.

ఒక విచిత్రం ఏమిటంటే, అమెరికాలోని డిస్నీ పార్కుల్లో ఇంటి తిండి లోపలికి తీసుకుపోవచ్చు. గాజు సీసాలు వద్దంటారు, వేడి చెయ్యాల్సిన పదార్థాలు వద్దంటారు, అంతే. ఆర్లాండోలో స్థిరపడిన మనవాడు పులిహోర డబ్బాతో దర్జాగా లోపలికి పోతాడు. ఊళ్లో ఉన్న వాళ్ల నాయన బెంగళూరు గేటు దగ్గర అదే డబ్బా బయట పెట్టి పోతాడు. డిస్నీవాళ్లు ధర్మాత్ములై కాదు. పెద్దవాళ్ల ఒకరోజు టికెట్టు వంద డాలర్లు దాటి చాన్నాళ్లయింది. మొదటి సగంలోనే సరిపడా తీసుకున్నవాడు రెండో సగం దగ్గర ఉదారంగా ఉండగలడు. టోక్యో డిస్నీలాండ్‌లో ఇంటి తిండి లోపలికి రానివ్వరు, కానీ గేటు బయట కూర్చుని తినడానికి ప్రత్యేకంగా ఒక చోటు కట్టిపెట్టారు. మన పార్కులవాళ్లను నేను అడిగేది ఆ మాత్రమే. బోర్డు అలాగే ఉంచండి, లోపలి ధరలూ మీ ఇష్టం. గేటు బయట నాలుగు బల్లలు, పైన రేకుల నీడ, చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి పెట్టించండి. రాత్రంతా బస్సులో వచ్చిన ఆరుగురు పార్కింగ్‌లో కార్ల మధ్య కింద కూర్చుని సద్ది విప్పుకోవాల్సిన పని తప్పుతుంది.