పాలజ్వరం నుంచి లేచి నిలబడ్డాను

నేను గ్రేడెడ్ ముర్రా గేదెను. గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లెలో, మిరప చేల నడుమ పుట్టి పెరిగాను. మా ఇంటివాళ్లకు మిరప, పత్తి ఏడాదికోసారి డబ్బు చూపిస్తే నా పాలు పూటపూటా చూపిస్తాయి. తెగులు సోకి మిరప పోయిన ఏడు పిల్లల ఫీజులు పాల డబ్బులతోనే కట్టారు. అందుకే నాకు జబ్బు చేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు.

మొదటి రెండు ఈతలు సులువుగా గడిచాయి. మూడో ఈతలో పెయ్యదూడ పుట్టింది, పొదుగు నిండుగా చేపుకొచ్చింది. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున జున్నుపాలు ఆఖరి చుక్క దాకా పిండి వాడంతా పంచారు. లీటరు జున్నుపాలతో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఒంట్లోంచి పోతుంది. నా రక్తంలో ఒక్కసారికి తిరిగేది సుమారు 3 గ్రాములే. ఆ లోటును ఎముకల నుంచీ మేత నుంచీ పూడ్చుకోవాలి. ఈతలు పెరిగేకొద్దీ ఎముకలు అంత తొందరగా కాల్షియం వదలవు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 9 నుంచి 11 మిల్లీగ్రాములు ఉండాల్సింది 5 దాకా పడిపోతే కండరాలు పనిచేయవు.

నాకు అదే జరిగింది. ముందు తొడలు అదిరాయి. పళ్లు కొరికాను, మేత ముట్టలేదు, వెనక కాళ్లు తడబడ్డాయి. మధ్యాహ్నానికి కూలబడ్డాను. మెడ డొక్క వైపు తిరిగిపోయింది. ఎంత సరిచేసినా మళ్లీ అటే పోయింది. ఎప్పుడూ చెమ్మగా ఉండే ముట్టె ఎండిపోయింది. నెమరు ఆగింది, పేడ పడలేదు.

ఇంటి కోడలు వచ్చి నా చెవి పట్టుకు చూసింది. "అత్తయ్యా, చెవులు చల్లబడిపోయాయి. మా పుట్టింటి గేదెకూ ఇట్టాగే అయింది. ఇది పాలజ్వరమే" అంది. ఈ జబ్బులో ఒళ్లు కాలదు, చల్లబడుతుంది. ఆమె భర్త గొట్టంతో బెల్లం నీళ్లు పోయబోతే, "వద్దండీ! అది మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోద్ది" అని ఆపి పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేసింది. ఒక పక్కకు పడిపోతే కడుపు ఉబ్బుతుందని అటూ ఇటూ గడ్డి మూటలు పెట్టి నన్ను రొమ్ము మీద కూర్చోబెట్టారు.

డాక్టరుగారు కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, మెడ నరంలోకి మెల్లగా ఎక్కించారు. ఒక చెయ్యి సీసా మీద, రెండో చేత్తో స్టెతస్కోపు నా గుండె మీద. "తొందరపడితే ఎక్కువైన కాల్షియమే గుండెను ఆపేస్తుందమ్మా" అన్నారు. సీసా అయిపోవస్తుండగా త్రేన్పు వచ్చింది. ముట్టె మీద చెమట బిందువులు మొలిచాయి. పేడ వేశాను. కాసేపటికి లేచి దూడను నాకాను.

అప్పుడే డాక్టరుగారు ఇంటివాళ్లకు పాతకాలపు వైద్యం గురించి చెప్పారు. వందేళ్ల క్రితం ఈ జబ్బుకు పొదుగులోకి గాలి కొట్టేవారట. ఆ ఒత్తిడికి పాలు ఊరడం తగ్గి కాల్షియం రక్తంలోనే నిలిచేది. రక్తంలో కాల్షియం తగ్గడమే అసలు కారణమని 1925లో స్కాట్లండ్‌లో డ్రయర్, గ్రెగ్ అనే ఇద్దరు చెప్పాకే సరైన మందుకు దారి దొరికింది.

పాడి ఉన్న ప్రతి ఇంటికీ నా మనవి ఇది. చూడి చివరి నెలలో బలానికని కాల్షియం ఎక్కువగా తాగించకండి, ఎముకల నుంచి తోడుకునే అలవాటు శరీరానికి తప్పిపోతుంది. ఈనాక దూడకు కడుపునిండా జున్నుపాలు తాగించండి. బాగా పాలిచ్చే గేదెను మొదటి రెండు మూడు రోజులు పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండకండి. ఈనిన మూడు రోజుల్లోపు గేదె వణికినా, తూలినా, చెవులు చల్లబడినా పొద్దున్నే చూద్దాంలే అనుకోకండి. వెంటనే డాక్టరును పిలవండి. వేళకు మందు పడితే మేం లేచి నిలబడతాం, ఆలస్యమైతే గంటల్లో పోతాం.