మంచి ఉద్యోగి అనిపించుకోవాలని పాకులాడకండి

మునగాల లాంటి మండల కేంద్రంలో బ్యాంకు ఉద్యోగికి సలహాలకు కొదవ లేదు: ఓపిక పట్టు, ధ్యానం చెయ్యి, పొద్దున్నే నడువు. మంచివే. కానీ పని కొండంత ఉండి, దాని మీద తన మాట చెల్లనప్పుడే మనిషి నలిగిపోతాడని పని ఒత్తిడిపై పరిశోధించిన రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పాడు. అందుకే, వినడానికి తప్పుగా తోచినా, ఈ ఆరూ పాటించండి.

1. లైను పెరిగితే వేగం పెంచకండి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వడ్ల డబ్బులు పడే రోజుల్లో కౌంటర్ కిక్కిరిసిపోతుంది. అయినా నోట్లు రెండోసారి లెక్కపెట్టండి. సాయంత్రం క్యాష్ తక్కువైతే జేబులోంచి కట్టేది క్యాషియరే.

2. తెలియనిదానికి ధైర్యం చెప్పకండి. 2024 జులై 18న తెలంగాణలో పంట రుణమాఫీ మొదలయ్యాక, జాబితాలో పేరు రాని రైతు వచ్చి నిలదీసింది బ్యాంకులోనే. అలాంటప్పుడు సముదాయించడానికి "వచ్చే విడతలో వస్తది" అన్నారంటే ఆ మాట మీ మెడకే చుట్టుకుంటుంది. అప్పు ఎంత, ఎప్పుడు తీసుకున్నదీ కాగితం మీద రాసివ్వండి. మిగతాది మండల వ్యవసాయాధికారిని అడగమనండి. రైతు కోపం న్యాయమైనదే, దాన్ని మీ తప్పుగా మోయకండి.

3. పాస్‌వర్డ్ ఇచ్చి సాయపడకండి. "ఒక్క ఎంట్రీయే అన్నా" అని తోటి ఉద్యోగి బతిమాలినా సరే. విచారణ వస్తే ఐడీ ఎవరిదో వాళ్లదే బాధ్యత.

4. మీరు లేకుంటే బ్రాంచి నడవదనిపించుకోకండి. పక్కవారికి పని నేర్పి లీవు పెట్టండి. కీలక సీట్లలో ఉన్నవారిని ఏటా కనీసం 10 పనిదినాలు ముందు చెప్పకుండానే సెలవుపై పంపాలని 2021లో రిజర్వు బ్యాంకే ఆదేశించింది.

5. టార్గెట్‌కు వెంటనే "సరే సార్" అనకండి. లోనుకొచ్చిన రైతుకు బీమా అంటగడితే ఈ నెల లెక్క కుదురుతుంది. వచ్చే ఏడు ప్రీమియం కట్టలేక ఆయన మీ ముందే నిలబడతాడు. సిబ్బంది ఎందరో, రోజుకు లోన్ల రెన్యువల్స్ ఎన్నో పైవాళ్లకు మెయిల్‌లో రాయండి.

6. బ్యాంకు గొడవలు ఇంట్లో దాచకండి. పిల్లల చదువు కోసం కుటుంబం హైదరాబాద్‌లో, మీరు బ్రాంచికి దగ్గర్లోని కోదాడలో అద్దె గదిలో ఉంటే, రాత్రి ఫోన్‌లో "అంతా బాగానే ఉంది" అనకండి. నిద్ర కరువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం.

ఇలా చేస్తే కొందరు మిమ్మల్ని మొండివాళ్లంటారు. అననివ్వండి. మార్చి టార్గెట్ వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది. పోయిన ఆరోగ్యం అలా రాదు.