టూ ఇంటూ ఎల్ ప్లస్ బి

లెక్కల పుస్తకంలో ఒక రైతు ఉంటాడు. ఆయన పొలం పొడవు 80 మీటర్లు, వెడల్పు 50 మీటర్లు. మూలలన్నీ లంబకోణాలే. మీటరుకు ఇంత చొప్పున దాని చుట్టూ కంచె వేయిస్తాడు. తరాలు మారాయి, పుస్తకాలు మారాయి, ఆయన మాత్రం అప్పు చేయడు, కౌలు కట్టడు, కంచె వేయడం మానడు. ఉయ్యూరు నుంచి అవనిగడ్డ దాకా బస్సు కిటికీలోంచి చూస్తూ వెళ్ళండి. వరిచేనికి కంచె వేయించిన ఆ మహానుభావుడు ఒక్కచోట కనిపించినా దిగి దండం పెట్టుకోవచ్చు.

డెల్టాలో చేనుకు కంచె ఉండదు, గట్టు ఉంటుంది. పక్క చేను ఆసామి ఏటా గట్టు చెక్కే వంకతో పారను ఒక అంగుళం ఇవతలికి వేస్తాడు. మనవాడు తక్కువ తిన్నాడా? మర్నాడు అంతే అవతలికి వేస్తాడు. గట్టు మీద మనిషి కాలు ఆననంత సన్నబడ్డాక తగాదా మొదలవుతుంది. ఆపైన పెద్దమనుషులు, సర్వేయరు, గొలుసు, కోర్టు వాయిదాలు. చుట్టుకొలతకు ఇంతకంటే మంచి లెక్క ఎక్కడ దొరుకుతుంది? కానీ దీన్ని పుస్తకంలో వేయరు. వేస్తే నాలుగు ఆప్షన్ల బిట్టుగా ఇవ్వడం కష్టం.

ఇక బెజవాడ రండి, చదువులకు రాజధాని. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ వేస్తారు. కింద మందుల షాపు, పైన బ్యూటీ పార్లరు, మూడో అంతస్తులో బడి. 'చుట్టుకొలత?' అని సారు ఒక కేక వేస్తే, 'టూ ఇంటూ ఎల్ ప్లస్ బి సార్' అని తరగతంతా బల్లలు అదిరేలా అరుస్తుంది. ఎల్ అంటే దేని పొడవని ఎవడూ అడగడు. అడిగితే సిలబస్ వెనకబడుతుంది. ఆ పిల్లాడి చేతికి అందే దీర్ఘచతురస్రాలు మూడే: బల్ల, టిఫిన్ బాక్సు, ఓఎంఆర్ షీటు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పెద్ద సర్కిల్ బెంజి సర్కిల్. దానికి వ్యాసార్ధం ఎంతో ట్రాఫిక్ కానిస్టేబులు కూడా చెప్పలేడు.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఏమేం ఉండాలో రాశారు. అందులో ఆటస్థలం ఉంది. దాని వెంటనే ప్రహరీ గోడో, కంచో ఉండాలని కూడా ఉంది. మనవాళ్ళు చట్టానికి విధేయులు కనుక రెండోదాన్ని తు.చ. తప్పకుండా అమలు చేశారు. గోడ ఎత్తుగా కట్టి, సీసా పెంకులు నాటి, ముళ్ళతీగ చుట్టి, గేటు దగ్గర కెమెరా పెట్టారు. మొదటిది ర్యాంకుల ఫ్లెక్సీ మీద పచ్చగా ఉంది. ఇంత చుట్టుకొలతకు ఇంత తక్కువ వైశాల్యం సాధించిన క్షేత్రం యూక్లిడ్‌కు కూడా తట్టి ఉండదు.

ఈ పిల్లాడే పెద్దవాడై, ఉద్యోగం సంపాదించి, ఊరి బయట వెంచర్లో ప్లాటు చూస్తాడు. ఎదురెదురుగా అరవై అడుగులు, అరవై అడుగులు, నలభై, నలభై. ఏజెంటు నాలుగు వైపులా టేపు పట్టి మరీ చూపిస్తాడు. చుట్టుకొలత 200 అడుగులు, అణా పైసలతో సరి. అరవై ఇంటూ నలభై 2,400 చదరపు అడుగులు, అంటే సుమారు 267 గజాలు. (పరీక్షలో 'చదరపు' వదిలేస్తే అర మార్కు కోసేస్తారు. ఇక్కడ వదిలేస్తే రిజిస్ట్రేషను అయిపోతుంది.) అయితే ఆ ప్లాటు పక్కకు ఒరిగి ఉంది. అరవై అడుగుల వైపుల మధ్య నిలువు దూరం 36 అడుగులే. ఉన్నది 2,160. దాదాపు 27 గజాలు, అర సెంటు పైమాటే, గాలిలో కలిసిపోయింది. ఒక్కసారి కర్ణం కొలిచి ఉంటే బయటపడేది. కరణాలను 1984లో తీసేశారు. కర్ణం కొలిచే అలవాటు కూడా వాళ్ళతోనే పోయినట్టుంది.

ఇది కొత్త విద్య కాదు. తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఎదురు భుజాల సగటులు గుణించే పద్ధతిని వ్యావహారికమని, అంటే ఉజ్జాయింపని, వేరుగా పెట్టాడు. సూక్ష్మ ఫలానికి వేరే పద్ధతి చెప్పాడు. ఆ పుస్తకాన్ని పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే తెలుగులోకి తెచ్చాడు. వెయ్యేళ్ళు గడిచేసరికి మన వెంచర్లకు చేరింది వ్యావహారికం ఒక్కటే.

పొలాల సంగతి సరే, ఏళ్ళకు ఏ సూత్రం వేస్తారు? బుడమేరు హద్దు కాగితం మీద ఒకటి, కట్టుకున్న ఇళ్ళను బట్టి ఇంకొకటి. 2024 సెప్టెంబరు మొదట్లో గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో నానినప్పుడు, ఏరు తన కొలత తనే వేసుకుంది. అది పోయి కలిసే కొల్లేరుకు 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని గీత గీశారు. లోపలున్న చేపల చెరువుల గట్లను 2006లో పేల్చేశారు. గట్లు మళ్ళీ లేచాయి. వాటి ఆసాముల పిల్లలకు కూడా చుట్టుకొలతలో ఫుల్ మార్కులే వచ్చి ఉంటాయి, అనుమానం అక్కర్లేదు.

అడ్మిషన్ల కాలం వస్తే పీఆర్వోలు బ్రోచర్లు పట్టుకుని మీ అపార్టుమెంటు మెట్లు ఎక్కుతారు. కూర్చోబెట్టండి, కాఫీ ఇవ్వండి, ఏసీ క్యాంపస్ గురించీ ఫీజు రాయితీ గురించీ చెప్పేదంతా వినండి. ఆ తర్వాత ఒక్కటే అడగండి: 'మీ బడి ఆటస్థలం చుట్టుకొలత ఎంత బాబూ?' సూత్రం చెబితే ఒప్పుకోకండి. మీ పిల్లాణ్ణి తీసుకెళ్ళి దాని చుట్టూ నడిపించి, జవాబు మీటర్లలో చెప్పమనండి.