ముందు జపాను వాణ్ణి పట్టుకోవాలి

మా ఆవిడ 2023 వేసవిలో ఓ శుక్రవారం పొద్దున్నే రాజోలు నుంచి ఫోన్ చేసి, అరవై కిలోల ఆవకాయ పెట్టేశానని చెప్పింది. ఏటా మా ఇంట్లో పెట్టేది ఆరు కిలోలు. సున్నా ఎక్కువ పలికిందేమోనని మళ్లీ అడిగాను.

"అరవైయ్యేనండీ. ఎదురింటి పిన్నిగారు, ఇంత బాగా పెట్టేదానివి వ్యాపారం చెయ్యవేమే అన్నారు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ, పట్టించిన నువ్వుల నూనె. ఫుడ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించాను. ఇక అమ్మడమే."

"ఎవరు అమ్ముతారు?"

"మార్కెటింగ్ మీది," అంది, కూరల సంచీ చేతికిచ్చినంత తేలిగ్గా.

నేనుండేది రాస్ లఫాన్‌లో. దోహాకి ఉత్తరంగా ఎనభై కిలోమీటర్ల దూరంలో సముద్రపు ఒడ్డున ఉన్న గ్యాసు ఊరు. పైపులు, ట్యాంకులు, ఓడలు, హెల్మెట్లు తప్ప ఇంకేమీ కనిపించవు. గ్యాసుని మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేస్తారు. అప్పుడది ఆరువందల్లో ఒక వంతుకి కుంచించుకుపోయి ఓడెక్కుతుంది. అందులో నా పాత్ర స్కాఫోల్డింగ్ సూపర్‌వైజర్. అంటే ఎవరో పని చెయ్యడానికి ఎక్కే గొట్టాల మంచె సరిగ్గా ఉందో లేదో చూసి చీటీ తగిలించేవాణ్ణి. మార్కెటింగ్‌కి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

అందరిలాగే నేనూ ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టాను. కొబ్బరిచెట్టు బొమ్మ, కింద "నాణ్యతకు మారుపేరు". నలభై మూడు లైకులు వచ్చాయి. అందులో ముప్ఫై ఒకటి పుట్టినప్పటినుంచీ మా ఆవకాయ ఉచితంగా తింటున్న బంధువులవి. వాళ్ల చేత కొనిపించడం కన్నా గ్యాసుని మంచు చెయ్యడం సులువు. సరేనని యాభై రియాళ్లు కట్టి ప్రకటన వేశాను. ఎవరికి చూపించాలని అది అడిగితే, మ్యాపులో రాస్ లఫాన్ మీద వేలు పెట్టి చుట్టూ సున్నా గీశాను. డబ్బులన్నీ అయిపోయాక మా రూమ్మేట్ చూసి చెప్పాడు, ఆ సున్నాలో సగం సముద్రమని. పాతిక రియాళ్ల ప్రకటన చేపలు చూశాయి. వాటిని ఊరబెడతారన్న భయానికేమో, ఒక్కటీ లైక్ కొట్టలేదు.

నా ఏడుపు విని మా ఫోర్‌మన్ కరక్ చాయ్ ఇప్పించాడు. ఈ దేశంలో మనిషిని ఓదార్చడానికి ముందు అదే పోస్తారు. తరవాత తాపీగా ఒక కథ చెప్పాడు.

ఈ సముద్రం కింద ఉన్న నార్త్ ఫీల్డ్‌ని 1971లో షెల్ కంపెనీ కనిపెట్టింది. చమురు కోసం తవ్వితే గ్యాసు తగిలిందని మూతి ముడుచుకున్నారట. ప్రపంచంలోకెల్లా పెద్ద గ్యాసు నిల్వ అది. కొనేవాడు లేక ఏళ్ల తరబడి అలాగే పడుంది. చివరికి 1992లో జపానుకి చెందిన చుబు ఎలక్ట్రిక్ అనే కరెంటు కంపెనీ ఏడాదికి నలభై లక్షల టన్నుల చొప్పున పాతికేళ్లు కొంటానని సంతకం పెట్టింది. మొదటి సరుకుతో 'అల్ జుబారా' అనే ఓడ ఇక్కణ్ణుంచి బయల్దేరింది 1996 డిసెంబర్లో.

"అర్థమైందా? ముందు జపాను వాణ్ణి పట్టుకున్నారు, ఆ తరవాత ఓడ నింపారు. మీ ఇంట్లో ఓడ నింపేసి, ఇప్పుడు జపాను ఎక్కడుందని వెతుకుతున్నారు," అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా జపాను ఎక్కడుందో మర్నాడు మెస్‌లో దొరికింది. అక్కడి పప్పు పళ్లెంలో పోస్తే అడుగున ఉన్న కంపెనీ పేరు చదవొచ్చు. ఎదురుగా రెండువందల మంది, అందులో సగం తెలుగువాళ్లు. అందరి ముఖాల్లోనూ ఒకటే దిగులు.

అప్పుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తొచ్చారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో జనానికి ఊరికే పంచిపెట్టేవారట. ఎంత తెలివి చూడండి! తలనొప్పి మొదలయ్యే చోటే మందు పెట్టారు. (కచేరీ చేసిన విద్వాంసులకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.) ఆయనకి కచేరీ అయితే నాకు మెస్ పప్పు.

లీవు నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న సొంత సీసా ఒకటి మిగిలుంది. శుక్రవారం మధ్యాహ్నం మెస్‌లో మూత తీశానంతే. ఇక ప్రచారం అవసరం లేకపోయింది. నాలుగు బల్లల అవతలినుంచి తలకాయలు ఇటు తిరిగాయి. మనిషికో చెంచా వేశాను. చివరి చెంచాకి ఇద్దరి మధ్య చిన్న గొడవ కూడా జరిగింది. ఫేస్‌బుక్ వాడికి యాభై రియాళ్లు పోసినా రాని కళ అది.

కొనుగోలుదారుడు దొరికాడు కదా అని సంబరపడితే, వాడికి నోరు కూడా ఉంటుందని అప్పుడు తెలిసింది. గుంటూరు ఆయన రంగు చూసి, "మీ వైపు కారం అయిపోయిందా?" అన్నాడు. శ్రీకాకుళం కుర్రాడు బెల్లం ఆవకాయ లేదా అని బెంగగా అడిగాడు. కరీంనగర్ తమ్ముడైతే నేరుగా, "ఎల్లిపాయ లేకుంటే గది ఆవకాయ ఎట్లయితదన్నా?" అన్నాడు. ఇవన్నీ కస్టమర్ ఫీడ్‌బ్యాక్ పేరుతో ఇంటికి చేరవేశాను.

"వాళ్లకి కావలసింది ఆవకాయ కాదండీ, వాళ్లమ్మ," అని ఫోన్ పెట్టేసింది మా ఆవిడ. కానీ మర్నాడే వెల్లుల్లి పది కిలోలు తెప్పించిందని మా అబ్బాయి రహస్యంగా చెప్పాడు.

ఇక్కడ సరుకు అమ్మడానికి నాకు లైసెన్సు లేదు, ఆ జోలికి వెళ్లనూ లేదు. లీవుకి వెళ్లినవాళ్లు మా ఇంట్లో డబ్బిచ్చి, సీసా తీసుకుని, తమ పెట్టెలో తమ తిండిగా తెచ్చుకుంటారు. సరుకు రాజోలులో, డబ్బు రాజోలులో, ఆకలి మాత్రం రాస్ లఫాన్‌లో. ఒకాయన పెట్టెలో మూత ఊడి, నూనంతా కొత్త తెల్ల చొక్కాలోకి దిగింది. మాది సేఫ్టీ బతుకు కదా, రూమ్‌లో కూర్చుని మూలకారణం తవ్వాం. నూనె ఎందుకు కారింది? మూత వదులు. మూత ఎందుకు వదులు? బిగించినవాడు పిల్లాడు. పిల్లాడెందుకు బిగించాడు? వాళ్లమ్మ చేతులు ఖాళీ లేవు. ఎందుకు లేవు? సాయానికి మొగుడు లేడు. ఎందుకు లేడు? ఇక్కడున్నాడు. విచారణ ముగించి చొక్కా డబ్బులు నేనే కట్టాను.

ఈలోగా షట్‌డౌన్ వచ్చింది. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే ఆ కొద్ది వారాలూ క్యాంపుల్లోకి కొత్త జనం దిగుతారు. కొత్త నాలుకలు, అదే పప్పు. ఆర్డర్లు రాసుకోవడానికి నోట్‌బుక్కు కొన్నాను. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. చైనా సినోపెక్ వాళ్లు 2022 నవంబర్లో ఖతార్‌తో ఇరవై ఏడేళ్ల గ్యాసు ఒప్పందం కుదుర్చుకున్నారు. మనమూ దీర్ఘకాలికంగా ఆలోచించాలనిపించి, కరీంనగర్ తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఏడాదికి నాలుగు సీసాల చొప్పున ఇరవై ఏడేళ్ల ఒప్పందం ప్రతిపాదించాను, ధర మారకుండా.

వాడు నావంక జాలిగా చూశాడు. "ఇరవై ఏడేండ్లా? నా వీసానే రెండేండ్లదన్నా."

చాలాసేపు బేరమాడుకున్నాం. ఒక్క షట్‌డౌన్, రెండు సీసాలు, వెల్లుల్లి రెట్టింపు అన్నచోట కుదిరింది. మూత మాత్రం మా ఆవిడే స్వయంగా బిగించాలని షరతు రాయించుకున్నాడు.